పుస్తకం అంచున నాన్న రాసిన చేపల పేర్లు

ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి పెడతారు. 1987లో హైదరాబాద్‌లో ఎం.ఏ. చదివే రోజుల్లో వారం వారం అక్కడికి వెళ్ళేదాన్ని. చేతిలో డబ్బులు ఉండేవి కావు. బస్సు చార్జీ పోను మిగిలిన దాంట్లో ఒక టీ, ఎప్పుడైనా ఒక పుస్తకం. ఒక ఆదివారం పాత ఇంజనీరింగ్ పుస్తకాల దొంతర కింద ముందు అట్ట ఊడిపోయిన చిన్న పుస్తకం కనిపించింది. లోపలి పేజీలో పేరు ఉంది: 'ద సీ ఎరౌండ్ అస్'. రాసింది రేచల్ కార్సన్. ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. పుస్తకం పేరులో సముద్రం ఉందని చేతిలోకి తీసుకున్నాను. ఐదు రూపాయలు చెప్పి నాలుగుకి ఇచ్చాడు.

సముద్రం అన్న ఒక్క మాటకి నాలుగు రూపాయలు ఎందుకు పెట్టానంటే, మాది భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మా ఊరు. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. మా ఇంటికి రెండు వీధుల అవతల జాలరిపేట, దాని అవతల ఇసుక, ఆపైన నీళ్ళు. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఆ హోరు ఉంది కాబట్టి అది ఉన్న సంగతే నాకు తెలీదు. హైదరాబాద్ హాస్టల్లో మొదటి నెలల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. కొత్త చోటు కదా, బెంగ పెట్టుకున్నాను అనుకున్నాను. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళి, పక్క మీద వాలిన పది నిమిషాల్లో నిద్రపోయాను. తెల్లారి లేచాక అర్థమైంది, హాస్టల్లో ఆ హోరు లేకే నిద్ర రావడం లేదని.

చిన్నప్పుడు సముద్రం గురించి మాకు ఎవరైనా నేర్పింది ఉంటే అది ఒక్క హెచ్చరికే. జాలరిపేటలో ఒక ముసలాయన ఉండేవాడు. పొద్దున్నే ఒడ్డున తెప్ప నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటూ ఉండేవాడు. మా అందరికీ తాత. గవ్వలు ఏరుకుంటూ నీళ్ళకి అటు తిరిగి వంగామంటే గట్టిగా కేక వేసేవాడు, "సంద్రానికి ఈపు సూపకు గుంటా!" అని. భయంతో ఇటు తిరిగేవాళ్ళం. అంతే. గంపలో వచ్చే చేపల పేర్లు తెలుసు, కానాగంతలు, కవళ్ళు, చందువలు. అవి గంపలోకి రాకముందు ఎక్కడ ఉండేవి, ఏం తినేవి, ఎందుకు ఒక నెలలో వచ్చి ఇంకో నెలలో రావు అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ పుస్తకం మొదట్లో కష్టంగానే సాగింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకి మూడు నాలుగు పేజీలు. కానీ నెమ్మదిగా చదవడమే మంచిదైంది. సముద్రం అడుగుకి పైనుంచి ఎప్పుడూ ఏదో ఒకటి రాలుతూనే ఉంటుందని ఒక అధ్యాయం మొత్తం రాశారు ఆవిడ. నదులు మోసుకొచ్చిన మట్టి, అగ్నిపర్వతాల బూడిద, కంటికి ఆనని జీవుల గుల్లలు. కోట్ల ఏళ్ళుగా, చప్పుడు లేకుండా. దాన్ని ఎడతెగకుండా కురిసే మంచుతో పోల్చారు. నేను మంచు ఎక్కడ చూశాను? నాకు మా ఊరి పిండిమర గుర్తొచ్చింది. మర ఆపేశాక కూడా కిటికీలోంచి పడే ఎండలో పిండి తేలుతూ, మెల్లగా దిగుతూ, దూలాల మీదా సాలెగూళ్ళ మీదా పేరుకునేది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా, వానాకాలం వాటి మీంచి ఎర్రటి నీళ్ళు సముద్రంలోకి పారడం వందసార్లు చూసి ఉంటాను. ఆ ఎరుపు ఎటు పోతుందో నాకు మొదటిసారి ఆ హాస్టల్ మంచం మీద తెలిసింది.

ఇంకో చోట ఒక పురుగు గురించి ఉంది. అది చదివి నేను ఏడ్చానంటే మా అమ్మాయి ఇప్పటికీ నమ్మదు. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన ఇసుకలో ఉండే కాన్వల్యూటా అనే చిన్న ఆకుపచ్చ పురుగు. దాని ఒంట్లో నాచు ఉంటుంది, ఆ నాచుకి ఎండ కావాలి. అందుకని నీళ్ళు వెనక్కి తీసినప్పుడల్లా పురుగులన్నీ ఇసుక పైకి వచ్చి పచ్చగా పరుచుకుంటాయి. పోటు మళ్ళీ వచ్చే ముందు ఇసుకలోకి దిగిపోతాయి. వాటిని తీసుకెళ్ళి లాబొరేటరీలో గాజు తొట్టెలో పెట్టినా, అక్కడ ఆటూ లేదు పోటూ లేదు, అయినా రోజుకి రెండుసార్లు పైకి వస్తాయి, రెండుసార్లు కిందికి దిగుతాయి. తను వదిలి వచ్చిన సముద్రం లయ దాని ఒంట్లో ఉండిపోయింది. వలలు వేసేవాళ్ళు లేచే వేళకి, తెల్లవారుజామున నాలుగింటికి, హైదరాబాద్‌లో రోజూ మెలకువ వచ్చి పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. ఆ పేజీ చదివాక పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ వారం నాన్నకి ఉత్తరం రాశాను. ఎప్పటిలా డబ్బుల సంగతి, పరీక్షల సంగతి కాకుండా, మన ఊళ్ళో పోటు ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ, తాతని అడిగి రాయమని. నాన్న జవాబు ఇన్‌లాండ్ లెటర్ నిండా వచ్చింది. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువట, అష్టమి రోజుల్లో తక్కువట. "మీ పుస్తకంలో కూడా అలాగే ఉందా అని తాత అడగమన్నాడు" అని చివర్లో రాశారు. ఉంది. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చినప్పుడు ఇద్దరి లాగుడూ కలుస్తుంది, అష్టమి నాటికి ఇద్దరూ చెరో వైపు లాగుతారు. ఆ మాట తిరుగు ఉత్తరంలో రాసి, తాతకి చదివి వినిపించమన్నాను. మా నాన్నకీ నాకూ ఇలాంటి ఉత్తరాలు అప్పుడు మొదలయ్యాయి.

రాసినావిడ ఎవరో తెలుసుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. లైబ్రరీల్లో అక్కడో ముక్క ఇక్కడో ముక్క. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపెట్టింది ఒక్కటే, ఆవిడ సముద్రం పక్కన పుట్టలేదు. 1907లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రింగ్‌డేల్ అనే ఊళ్ళో, సముద్రానికి ఎంతో దూరంగా, చిన్న పొలం ఉన్న ఇంట్లో పుట్టారు. పదేళ్ళకే రాసిన కథ పిల్లల పత్రికలో అచ్చయింది. రచయిత్రి కావాలని కాలేజీలో ఇంగ్లీషులో చేరి, మధ్యలో బయాలజీకి మారారు. 1929లో వుడ్స్ హోల్ అనే ఊరిలోని సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకి వెళ్ళినప్పుడు మొదటిసారి సముద్రం చూశారు. అప్పటికి ఆవిడకి 22 ఏళ్ళు. సముద్రం పక్కన పుట్టిన నేను దాన్ని చూడటం మొదలుపెట్టింది కూడా ఇంచుమించు ఆ వయసులోనే, అదీ సముద్రం లేని హైదరాబాద్‌లో, ఆవిడ పుస్తకంలో.

తండ్రి పోయాక ఇల్లు నడపడానికి ఆవిడకి ఉద్యోగం కావలసి వచ్చింది. ప్రభుత్వ మత్స్యశాఖలో రేడియో కోసం చేపల గురించి చిన్న చిన్న స్క్రిప్టులు రాసే పని దొరికింది. తర్వాత అక్క చనిపోతే ఆమె ఇద్దరు కూతుళ్ళ బాధ్యత కూడా మీద పడింది. పగలు ఆఫీసు, రాత్రి రాత. ఆఫీసు పనిగా రాసిన ఒక వ్యాసం చూసి పై అధికారి, ఇది ప్రభుత్వ కరపత్రంలో వేసే రచన కాదు, మంచి పత్రికకి పంపమన్నారట. 1937లో అది 'అట్లాంటిక్ మంత్లీ'లో వచ్చింది. ఆ వ్యాసమే పెరిగి 1941 నవంబరులో 'అండర్ ద సీ విండ్' అనే మొదటి పుస్తకం అయింది. నెల దాటిన కొద్ది రోజులకే పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి, అమెరికా యుద్ధంలోకి దిగింది. చేపల కథ చదివే తీరిక ఎవరికి? రెండు వేల కాపీలు కూడా పోలేదు. ఆవిడ ఆగలేదు. పదేళ్ళ తర్వాత, 1951లో, నేను ఆబిడ్స్‌లో కొన్న పుస్తకం వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో 86 వారాలు ఉంది. ఆ మరుసటి ఏడాది ఉద్యోగానికి రాజీనామా చేసి, మెయిన్ రాష్ట్రంలో రాళ్ళ తీరాన చిన్న ఇల్లు కట్టుకున్నారు.

ఆ రాళ్ళ తీరంలోంచి వచ్చింది 'ది ఎడ్జ్ ఆఫ్ ద సీ', 1955లో. ఆవిడ పుస్తకాల్లో నా చేతుల్లో ఎక్కువగా నలిగింది ఇదే. పోటుకీ పాటుకీ మధ్య, కాసేపు నేలగా కాసేపు నీళ్ళుగా ఉండే సన్నని పట్టీలో బతికే జీవాల గురించి మొత్తం పుస్తకం. రాళ్ళ తీరం, ఇసుక తీరం, పగడాల తీరం. పక్కన బాబ్ హైన్స్ వేసిన పెన్సిల్ బొమ్మలు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతాల్లో కొనుక్కుని, సెలవులకి ఊరెళ్ళినప్పుడు సంచిలో వేసుకుని మంగమారిపేట రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు తీసిన వేళ ఆ రాళ్ళ గుంటల్లో నీళ్ళు నిలిచిపోతాయి. అంతకుముందు ఎన్నిసార్లు ఆ గుంటలు దాటుకుంటూ పరుగెత్తానో. ఈసారి ఒక దాని పక్కన చతికిలబడి కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. ఓ ఐదు నిమిషాలకి ఒక నత్త గుల్ల నడిచింది, అందులో ఉన్నది నత్త కాదు, సన్యాసి పీత. రాయి గోడకి పువ్వులా అంటుకున్నది నా వేలి నీడ పడగానే ముడుచుకుంది, సముద్రపు ఎనిమోన్. చిన్నప్పుడు కాళ్ళు గీసుకుపోయి తిట్టుకున్న తెల్లటి గరుకు బుడిపెలు బార్నకల్స్. అవి ఒకసారి రాయికి అంటుకున్నాక ఇక కదలలేవు, పోటు నీళ్ళు వచ్చినప్పుడు పైన తలుపు తీసి, ఈకల్లాంటి కాళ్ళు ఆడిస్తూ తిండి పట్టుకుంటాయి. మళ్ళీ నీళ్ళు వచ్చేవరకూ కూర్చుని అది కళ్ళారా చూశాను. చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఇంటికి వెళ్తే అమ్మ కేకలేసింది, నాన్న మాత్రం పుస్తకం ఇలా ఇవ్వమ్మా అన్నారు.

మొదటి పుస్తకం అన్నిటికంటే ఆఖరున దొరికింది. 'అండర్ ద సీ విండ్'లో మనుషులు దాదాపు లేరు. ముగ్గురు ముఖ్యులు. సిల్వర్‌బార్ అనే ఆడ పిట్ట, అలల అంచున పరుగులు పెట్టే శాండర్లింగ్. స్కాంబర్ అనే మాకెరల్ చేప. ఆంగ్విల్లా అనే మలుగుపాము, అంటే పాములా పొడుగ్గా ఉండే చేప, ఎన్నో ఏళ్ళు మంచినీటి చెరువులో పెరిగి, ఒక శరదృతువులో నది వెంట దిగి, అట్లాంటిక్ నడిమధ్య సర్గాసో సముద్రానికి గుడ్లు పెట్టడానికి పోతుంది. చేపల పేర్లు కూడా కల్పించినవి కావు, స్కాంబర్, ఆంగ్విల్లా రెండూ శాస్త్రంలో ఆ జాతులకి ఉన్న లాటిన్ పేర్లే. చేపకి మనిషి మాటలు పెట్టకుండా, అది చూసేదీ అది వినేదీ అది పారిపోయేదీ రాస్తూ మనల్ని నీళ్ళ కిందికి తీసుకుపోవడం, అదీ మొదటి పుస్తకంలోనే. నా మట్టుకు ఆవిడ రాసినవాటిలో గొప్పది ఇదే. ఎవరూ చదవని పుస్తకంగా పదేళ్ళు ఉండిపోయిందంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నాన్న రిటైరయ్యాక ఆ పుస్తకం ఆయన దగ్గర ఉంచేశాను. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, కానీ ఇది చదవడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి వేరు. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి, పడవలు వచ్చే వేళకి జాలరిపేట వాళ్ళతో కూర్చుని, పుస్తకంలోని ప్రతి జీవానికీ మన పేరు కనుక్కుని, పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకునేవారు. స్కాంబర్ పక్కన 'కానాగంత' అని రాశారు. రెండూ ఒకటే చేప కాదు, దగ్గరి చుట్టాలు.

కానాగంత అన్న పేరు వెనక ఒక సంగతి నాకు తర్వాత తెలిసింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు 1780లలో విశాఖపట్నంలో ఉండి, మన తీరంలో దొరికే రెండు వందల చేపలకి బొమ్మలు వేయించి, 1803లో పుస్తకం వేశాడు. వాటికి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే పెట్టాడు. అందులో 'కానగుర్త' ఒకటి, మన కానాగంతే. దాన్ని చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1816లో ఆ చేపకి పెట్టిన పేరు స్కాంబర్ కానగుర్త. ఇప్పుడు మొదటి మాట మారి రాస్ట్రెల్లిగర్ అయింది, రెండోది మాత్రం అలాగే ఉంది. ప్రపంచంలో ఎవరు ఆ చేప గురించి శాస్త్రంలో రాసినా మన జాలరి నోటి మాటతోనే రాయాలి. ఫోన్‌లో ఈ సంగతి చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ కార్సనమ్మకి ఈ సంగతి తెలిసుంటే ఎంత సంతోషించేదో" అన్నారు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఆవిడ కార్సనమ్మే.

పురుగుమందుల గురించి ఆవిడ రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' సంగతి ఇంతవరకూ చెప్పలేదు. లోకంలో ఎక్కువమంది ఆవిడ పేరు విన్నది ఆ పుస్తకంతోనే. నేను దాన్ని సముద్రం పుస్తకం తర్వాత, ఎం.ఏ. అయిపోయే ముందు లైబ్రరీలో చదివాను. అలా చదవడం నా అదృష్టం అనుకుంటాను. ముందే ఇది చదివి ఉంటే కోపంతో పోట్లాడే మనిషి అనుకునేదాన్నేమో. గుంటలోని పీతని అంతసేపు చూడగలిగిన మనిషి ఈ పుస్తకం ఎందుకు రాయకుండా ఉండలేకపోయిందో నాకు మొదటి పేజీ నుంచే తెలుస్తూ వచ్చింది.

అందులో రెండు పేర్లు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒకటి డీడీటీ. మా చిన్నతనంలో మలేరియా వాళ్ళు వచ్చి ఇంటి గోడలన్నిటికీ కొట్టేవారు. అమ్మ దేవుడి పటాలు, కేలండర్, బియ్యం డబ్బా బయట పెట్టేది. కొట్టాక గోడ మీద ఏవో అంకెలు రాసి వెళ్ళేవారు. తెల్లటి మరకలు ఆరాక మేం వేళ్ళతో గీకి ఆడుకునేవాళ్ళం. అది దోమల మందు అని మాత్రమే తెలుసు. దాని వల్ల ప్రాణాలు నిలిచిన మాట నిజం. 1960ల మొదట్లో మన దేశంలో మలేరియా ఏడాదికి లక్ష కేసుల దగ్గరికి పడిపోయింది. 1976కి మళ్ళీ 60 లక్షలు దాటింది. కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి మందుకి దోమలు అలవాటు పడటం. ఆవిడ 1962లోనే హెచ్చరించింది ఈ సంగతే. మందులు అసలు వాడొద్దని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. తెలియకుండా, లెక్క లేకుండా, ఊళ్ళకి ఊళ్ళ మీద విమానాలతో చల్లితే పురుగు గెలుస్తుంది, మిగతావన్నీ ఓడిపోతాయి అన్నారు.

రెండో పేరు ఎండ్రిన్, పొలాల్లో కొట్టే పురుగుమందు. ఈ పేరు తెలియని తెలుగు పల్లె ఆ రోజుల్లో ఉందా? అమ్మ పుట్టిల్లు గుంటూరు జిల్లాలో, పత్తి పండే ఊరు. వేసవి సెలవులకి వెళ్తే పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతూ డబ్బా ఉండేది. అటు వెళ్ళొద్దని అమ్మమ్మ పదిసార్లు చెప్పేది. ఎండ్రిన్ తాగి చనిపోయారట అన్న మాట నెలకోసారైనా వినపడేది. అయినా అదే మందుని కాలవలో పోసి, తేలిన చేపల్ని ఏరుకుని కూర వండుకునేవాళ్ళు. ఖాళీ అయిన డబ్బా కడిగి ఏదో ఒకటి దాచుకునేవాళ్ళు. మా మావయ్య ఒకసారి మందు కొట్టి వచ్చి అరుగు మీద పడిపోయాడు. ఒళ్ళంతా చెమటలు. సోడాలు తాగించి, బండి కట్టి టౌన్‌కి తీసుకెళ్ళారు. బతికాడు. ఆ రాత్రి అమ్మమ్మ కొట్టంలో కూర్చుని ఏడ్చింది. మళ్ళీ వారం మావయ్య మందు కొట్టడానికి వెళ్ళాడు, పురుగు ఆగదు కదా.

'సైలెంట్ స్ప్రింగ్' తిరగేస్తుంటే ఒక పేజీలో ఎండ్రిన్ అన్న పేరు కనపడింది. ఆ జాతి మందులన్నిటిలోకీ ఎక్కువ విషం అదేనని అందులో ఉంది. ఆ పుస్తకం వచ్చేనాటికి నేను పుట్టలేదు. మా మావయ్య అరుగు మీద పడిపోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఒకావిడ ఎక్కడో కూర్చుని ఇది రాసి పెట్టింది. మా కొట్టం దాకా ఆ మాట రాలేదు, డబ్బా మాత్రం వచ్చింది. లైబ్రరీలో పుస్తకం పట్టుకుని ఉంటే చేతులు వణికాయి.

అదే ఏడాది, 1987-88లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందు కొట్టిన కొద్దీ పెరిగింది. అప్పుల్లో మునిగిన రైతులు అదే పురుగుమందు తాగారు. పేపర్లో రోజూ వార్తలు. తెల్లదోమని తినే పురుగుల్ని ముందే మనం చంపేసుకున్నాం అన్న సంగతి ఆ పుస్తకం చదువుతున్న నాకు అర్థమవుతోంది, చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. మావయ్యకి ఉత్తరం రాశాను. నువ్వు చదువుకున్నదానివి, పంట పోతే నాకేం దారో అది కూడా రాయమ్మా అని జవాబు రాశాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

కాలవలో ఎండ్రిన్ పోసి చేపలు పట్టడం గుర్తొచ్చినప్పుడల్లా ఆ పుస్తకంలోని క్లియర్ లేక్ కథ కూడా గుర్తొస్తుంది. కాలిఫోర్నియాలో ఒక సరస్సు. అక్కడి చిన్న చిన్న ఈగలు కుట్టవు కూడా, విసుగు పుట్టిస్తాయంతే. వాటి కోసం డీడీటీకి చుట్టమైన డీడీడీ కలిపారు. చాలా జాగ్రత్తగా, ఐదు కోట్ల పాళ్ళ నీళ్ళకి ఒక పాలు. నీళ్ళలో అది లెక్కలోకి రానంత. కానీ నీళ్ళలోని సూక్ష్మజీవుల్లో చేరింది, వాటిని తిన్న చిన్న చేపల్లో పెరిగింది, చిన్నవాటిని తిన్న పెద్దవాటిలో ఇంకా పెరిగింది. చివరికి చేపల్ని తినే గ్రీబ్ పక్షులు వందకి పైగా చచ్చిపోతే కోసి చూశారు. వాటి కొవ్వులో పది లక్షల పాళ్ళకి 1600 పాళ్ళు ఉంది. వెయ్యి జంటలు గూళ్ళు కట్టే చోట ముప్పై జంటలు మిగిలాయి. ఒక ఈగ దగ్గర మొదలుపెట్టి పక్షి దాకా ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ ఆవిడ ఈ కథ చెప్పే తీరు చూడండి, సముద్రం పుస్తకాల్లో చేపల ప్రయాణం చెప్పిన చేయే అది.

పుస్తకం వచ్చాక పురుగుమందుల కంపెనీలు ఆవిడ మీద పడ్డాయి. శాస్త్రవేత్త కాదన్నారు, ఆడవాళ్ళ కంగారు అన్నారు. పుస్తకం చివర 55 పేజీల ఆధారాలు ఇచ్చారని అలా అన్నవాళ్ళు చూసినట్టు లేరు. అధ్యక్షుడు కెన్నడీ వేసిన శాస్త్రవేత్తల సంఘం 1963 మేలో ఇచ్చిన నివేదికలో ఆవిడ చెప్పిన విషయాలకి బలమే దొరికింది. జూన్‌లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. అప్పటికే ఆవిడకి రొమ్ము కేన్సర్ ముదిరిపోయింది. 1960లోనే ఆపరేషన్ అయింది. రేడియేషన్‌తో నీరసపడి, కళ్ళు కూడా సరిగా కనపడని రోజుల్లో ఆ పుస్తకం పూర్తి చేశారు. జబ్బు సంగతి బయటికి పొక్కనివ్వలేదు, తెలిస్తే సొంత బాధతో రాసిందంటారని. విగ్ పెట్టుకుని జనం ముందుకి వచ్చారు. 1964 ఏప్రిల్ 14న చనిపోయారు, 56 ఏళ్ళకి. అమెరికాలో డీడీటీని పంటల మీద నిషేధించింది 1972లో. ఆవిడ చూడలేదు.

ఇదంతా జరుగుతుండగా ఆవిడ ఇంట్లో ఒక చిన్న పిల్లాడు ఉన్నాడు. 1957లో మేనకోడలు చనిపోతే ఆమె ఐదేళ్ళ కొడుకు రోజర్‌ని దత్తత తీసుకున్నారు. వాడికి ఇరవై నెలలున్నప్పుడే, గాలివాన రాత్రి దుప్పటిలో చుట్టి ఎత్తుకుని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళానని ఒక వ్యాసంలో రాశారు. చీకట్లో హోరెత్తే అలల్ని చూసి ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ వ్యాసం 'ద సెన్స్ ఆఫ్ వండర్' పేరుతో ఆవిడ పోయాక పుస్తకంగా వచ్చింది. అది చదివాక మా అమ్మాయిని నేనూ అలాగే తీసుకెళ్ళాను, దానికి మూడేళ్ళున్నప్పుడు, భీమిలిలో, టార్చిలైటుతో, ఇసుక పీతల్ని చూపించడానికి. వెలుగు పడగానే పీత కదలకుండా నిలబడిపోయేది, కళ్ళు రెండూ పైకి లేపి. అమ్మాయి కూడా అలాగే కదలకుండా నిలబడిపోయేది. అమ్మకి టెన్షన్, రాత్రిపూట పసిపిల్లని గాలికి తిప్పుతున్నానని. నాన్న మా వెనకే ఇంకో టార్చి పట్టుకుని వచ్చేవారు.

ఆ అమ్మాయి ఇప్పుడు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటుంది. కొన్నేళ్ళ కింద వెళ్ళినప్పుడు నా కోసం సెలవు పెట్టి వుడ్స్ హోల్ తీసుకెళ్ళింది. అక్కడ నీటి ఒడ్డున ఆవిడ కాంస్య విగ్రహం ఉంది, బెంచీ మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ. చాలా మామూలు కొలతలో ఉంది, పక్కన కూర్చోవచ్చు. కూర్చున్నాను. సంచిలోంచి అట్టలేని నా ఆబిడ్స్ పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏమీ చదవలేదు. అమ్మాయి ఫోటో తీస్తానంటే వద్దన్నాను. చలిగాలి, నీళ్ళ రంగు వేరు, వాసన కూడా మన సముద్రం వాసన కాదు. అయినా ఒక గంట అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. పోయిన సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే 'అండర్ ద సీ విండ్' కనపడింది. అంచుల నిండా ఆయన గుండ్రటి అక్షరాలు. కానాగంత, మలుగు, ఆలిచిప్ప. సిల్వర్‌బార్ మొదటిసారి వచ్చే పేజీలో 'ఉల్లంకి?' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం మీద మళ్ళీ మళ్ళీ దిద్దారు. ఆయన సందేహం నాకు తెలుసు. ఉల్లంకి అంటే నీటి ఒడ్డున తిరిగే అలాంటి పిట్టలన్నీ వస్తాయి. ఇది ఒక్కటే, అల వెనక్కి పోతుంటే దాని వెంటపడి, అల ముందుకి వస్తుంటే కాళ్ళు కనపడనంత వేగంగా పరుగెత్తుకొచ్చే బుల్లి తెల్ల పిట్ట. ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర గూడు పెట్టి, చలికాలం మన తీరానికి కూడా వస్తుంది.

పుస్తకం పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. నా అదృష్టం, ఓ ఇరవై పిట్టలు ఉన్నాయి, అల అంచున. పక్కన ఒక పెద్దాయన వల దులుపుకుంటున్నాడు. ఆ తాతకి ఏమవుతాడో అడగలేదు. "అదిగో ఆ పిట్టల్ని మీరు ఏమంటారు?" అన్నాను. వల పక్కన పెట్టి చూశాడు. "అయ్యా? సంద్రాన్ని తరిమే పిట్టలమ్మా" అన్నాడు. అంతలో అల వచ్చింది, పిట్టలన్నీ మా వైపు పరుగెత్తాయి. "ఇప్పుడు సంద్రమే తరుముతుంది సూడండి" అని నవ్వాడు.

ఇసుకలో కూర్చుని, నాన్న ప్రశ్నార్థకం కింద, పెన్సిల్‌తోనే, ఆ వల పెద్దాయన చెప్పిన పేరు రాశాను.